కుట్లు మానాయి సరే, పిక్క సంగతేమిటి?

మా బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. విమానం సీట్లో కూర్చున్న మనిషి మడమలు ఎత్తుతూ దించుతూ ఉంటాడు. కింద ఎర్ర అక్షరాలతో "మీ కాళ్ళలో పొంచి ఉన్న మృత్యువు" అని పరుగెడుతుంటుంది. వెనకాల గుండె కొట్టుకునే చప్పుడొకటి. పదిమందికీ పంపండి అన్న విన్నపం షరా మామూలే. గ్రూపులో దండం బొమ్మలు వరసగా పడ్డాయి. అందరికంటే ముందు దండం పెట్టింది మా వదిన. కిందటేడు కాలి సిరలో క్లాట్ వచ్చి అవస్థ పడింది ఆవిడే. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు.

వీడియోలో చెప్పిన వ్యాయామంతో నాకు గొడవ లేదు. దూరప్రయాణాల్లో మడమలు ఆడించడం మంచిదే, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయడం ఇంకా మంచిది. నా పేచీ అది వేలెత్తి చూపించే చోటుతో. డీవీటీ, అంటే కాలి లోపలి సిరలో ఇలా రక్తం గడ్డకట్టడం, అనగానే జనానికి విమానం గుర్తొస్తుంది, లేదంటే పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి గుర్తొస్తాడు. ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చి, కుట్లు మానుతున్నాయని అందరూ ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు మంచం మీద పడుకుని ఉన్న మనిషి ఎవరికీ గుర్తు రారు. ఈ హెచ్చరిక వాట్సాప్‌లో తిరిగినంత కాలం తిరగనివ్వండి, కానీ అసలు ఉండాల్సింది డిశ్చార్జ్ కాగితం మీద అని నా వాదన.

కుర్చీ మీద పడ్డ నింద

కూర్చోవడానికీ క్లాట్‌కీ ముడి పడింది నిన్నా మొన్నా కాదు. 1940లో లండన్ మీద జర్మన్ బాంబులు పడుతున్న రోజుల్లో జనం రాత్రుళ్ళు షెల్టర్లలో మడత కుర్చీల్లోనే కునుకు తీసేవారు. కాలి సిరలోంచి ఊడివచ్చిన క్లాట్ ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ఉన్నట్టుండి చనిపోతున్నవాళ్ళు పెరగడం కీత్ సింప్సన్ అనే ఫోరెన్సిక్ డాక్టర్ గమనించి లాన్సెట్ పత్రికలో రాశాడు. కుర్చీ ముందంచున ఉండే చెక్క తొడల వెనక రాత్రంతా నొక్కుకుంటూ ఉండడం మీద ఆయనకి అనుమానం. 1954లో జాన్ హోమన్స్ అనే అమెరికన్ సర్జన్ విమానంలో, కారులో, చివరికి థియేటర్లో గంటలకొద్దీ కూర్చున్నాక వచ్చిన క్లాట్ల గురించి రాశాడు. తర్వాత్తర్వాత దానికి "ఎకానమీ క్లాస్ సిండ్రోమ్" అని పేరొకటి పెట్టారు. అంత నోరూరించే పేరు దొరికాక పత్రికలు ఊరుకుంటాయా?

కూర్చోవడం నిర్దోషి అని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వెల్లడించింది. 4 గంటలు దాటి కదలకుండా ప్రయాణం చేస్తే క్లాట్ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు అవుతుందట. విమానమే కానక్కర్లేదు, బస్సైనా రైలైనా కారైనా అంతే. రెట్టింపు అనేసరికి టెన్షన్ పుడుతుంది. కానీ అదే నివేదికలో ఆ పక్కనే ఇంకో అంకె ఉంది: అలా ప్రయాణం చేసేవాళ్ళలో సుమారు 6000 మందిలో ఒకరికి వస్తుంది. వీడియోలు చేసేవాళ్ళు మొదటి అంకె తీసుకుని రెండోది వదిలేస్తారు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో లెక్క పెడతాను. బ్రిటన్‌లో పది లక్షలకి కొంచెం తక్కువ మంది నడివయసు ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి, 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వేశారు. ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో, తర్వాతి 12 వారాల్లో క్లాట్‌తో మళ్ళీ ఆసుపత్రిలో చేరినవాళ్ళు 140 మందిలో ఒకరు. తుంటి, మోకాలి మార్పిడి ఆపరేషన్లయితే 45 మందిలో ఒకరు. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చేసే చిన్న ఆపరేషన్లకి 815 మందిలో ఒకరు. ఏ ఆపరేషనూ లేకుండా 12 వారాలు గడిపినవాళ్ళలో 6200 మందిలో ఒకరు. అంటే విమానం ఎక్కిన మనిషి ఈ పట్టికలో ఎక్కడో చివరి వరసలో ఉంటారు. వీడియో పెట్టిన బావగారికి ఈ ఏడాదే మోకాలి మార్పిడి చేయించాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఆయన పేరు మాత్రం మొదటి వరసలో ఉంటుంది.

ఈ రెండు పరిశోధనలనీ ఒకే తక్కెడలో పెట్టడం పూర్తిగా న్యాయం కాదని నాకూ తెలుసు. ఒకటి ప్రయాణికుల లెక్క, ఇంకోటి ఒక దేశంలోని, ఒక వయసులోని ఆడవాళ్ళ లెక్క. వయసు పెరిగితే రిస్కు పెరుగుతుంది, కేన్సర్ ఉంటే పెరుగుతుంది, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడుతున్నా, కాన్పయిన మొదటి ఆరు వారాల్లోనూ పెరుగుతుంది. అవన్నీ తీసేసినా తేడా అంత తేలిగ్గా చెరిగిపోయేది కాదు. మొత్తం క్లాట్లలో సగానికి పైగా ఆసుపత్రిలో ఉండగానో, అక్కణ్ణుంచి వచ్చిన మూడు నెలల్లోపో వస్తాయన్నది చాలా చోట్ల తేలిన విషయమే.

మూడో వారం

ఆ బ్రిటిష్ వ్యాసంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. రిస్కు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆపరేషన్ అయిన మూడో వారంలో. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కాదు, ఇంటికొచ్చిన మర్నాడూ కాదు. అప్పటికి చూడ్డానికి వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోతారు. "ఇంకేం, గండం గడిచింది" అని అందరూ అనేసే రోజులవి.

ఎందుకలా అంటే, శరీరం తన పని తాను చేసుకుపోతోంది కాబట్టి. కత్తి పడ్డ చోట రక్తం ఆగాలంటే గడ్డకట్టే గుణం పెరగాలి. ఆ పెరిగింది కుట్టు దగ్గర మాత్రమే ఆగదు, ఒళ్ళంతా తిరుగుతుంది. కుట్లు విప్పినంత తొందరగా తగ్గదు కూడా. దానికి తోడు మనిషి మంచం మీద ఉంటారు. కాలి రక్తం కిందినుంచి పైకి ఎక్కాలంటే పిక్క కండరం బిగిసి సిరని పిండాలి. సిరలో అక్కడక్కడా ఉండే కవాటాలు ఆ రక్తం మళ్ళీ కిందికి జారకుండా పట్టుకుంటాయి. కండరం పని మానేస్తే కవాటాల వెనక ఉండే చిన్న సందుల్లో రక్తం నిలిచిపోతుంది, అక్కడ ఆక్సిజన్ తగ్గుతుంది. చాలా క్లాట్లు ఆ సందుల్లోనే మొదలవుతాయి.

రక్తం నెమ్మదించడం, రక్తంలోనే గడ్డకట్టే గుణం పెరగడం, రక్తనాళం లోపలి పొర దెబ్బతినడం: ఈ మూడింటినీ కలిపి డాక్టర్లు విర్కో త్రయం అంటారు. రుడాల్ఫ్ విర్కో 1850లలోనే, కాలి నుంచి ఊడిపోయిన గడ్డే ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుందని నిరూపించిన మహానుభావుడు. తమాషా ఏమిటంటే ఈ మూడింటినీ ఇలా వరసగా ఆయన ఎక్కడా రాయలేదు, పేరు తర్వాతివాళ్ళు తగిలించారు. అది పక్కన పెడితే, ఆపరేషన్ అయిన మనిషిలో ఈ మూడూ ఒకేసారి కూడుతాయి. విమానంలో కూర్చున్న ఆరోగ్యవంతుడిలో ప్రధానంగా ఒకటే ఉంటుంది.

వదిన ఎడమ చెప్పు

మా వదినకి గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ బాగా జరిగింది. డిశ్చార్జ్ కాగితంలో మందులు, వాటి వేళలు, కుట్టు ఎర్రబడితే రావాలి, జ్వరమొస్తే రావాలి, బరువులెత్తకూడదు అని పద్ధతిగా రాసి ఉంది. కాలు గురించి ఒక్క ముక్క లేదు. ఇంట్లోవాళ్ళు ఆవిణ్ణి కాలు కింద పెట్టనివ్వలేదు. మంచినీళ్ళ గ్లాసు దగ్గర్నుంచి అన్నీ చేతికే అందించారు. "ఇన్నాళ్ళూ మాకు చేశావు, నెల్లాళ్ళు పడుకో" అన్నాడు అన్నయ్య.

ఒకరోజు పొద్దున బాత్రూముకి వెళ్ళబోతూ ఎడమ చెప్పు పట్టీ బిగుతుగా ఉందంది. కుడి చెప్పు మామూలుగానే ఉంది. పిక్క పట్టేసినట్టుందని, పడుకుని పడుకుని ఇలా అయిందని తనే సర్ది చెప్పుకుంది. రాత్రికి నొప్పి తగ్గలేదు. అన్నయ్య కూతురు కాలు నొక్కడానికి కూర్చుంటే, చెయ్యి పడగానే "వద్దమ్మా, వేడిగా ఉంది చూడు" అని వెనక్కి లాక్కుంది. లాక్కోవడమే మంచిదైంది. క్లాట్ ఉందన్న అనుమానం ఉన్నప్పుడు కాలు గట్టిగా మర్దనా చేయకూడదు, ఊడి పైకి పోయే ప్రమాదం ఉంది.

మర్నాడు చూసిన డాక్టరు ముందు స్కానుకి పంపలేదు. టేపు తీసుకుంది. మోకాలి చిప్ప కింద ముందువైపు తగిలే ఎముక బుడిపె నుంచి పది సెంటీమీటర్లు దిగువకి కొలిచి, అక్కడ పెన్నుతో చిన్న గీత పెట్టి, పిక్క చుట్టూ టేపు చుట్టింది. రెండో కాలికీ అంతే. తేడా నాలుగు సెంటీమీటర్లు. మూడు దాటితే లెక్కలోకి తీసుకోవాలని, క్లాట్ ఉండే అవకాశాన్ని మార్కులతో అంచనా వేసే వెల్స్ స్కోరు చెబుతుంది. ఆ స్కోరులో కేన్సర్, ఇటీవలి పెద్ద ఆపరేషన్ లేదా మంచాన పడి ఉండడం, కాలంతా వాయడం, వేలితో నొక్కితే గుంట పడడం లాంటివాటికి ఒక్కో మార్కు ఉంటుంది. ఇంకేదో జబ్బు అయ్యే అవకాశం అంతే గట్టిగా ఉంటే రెండు మార్కులు కొట్టేస్తారు. ఇంత ఖరీదు లేని పరీక్ష వైద్యంలో ఇంకోటి ఉందో లేదో.

డాప్లర్ స్కాన్ గదిలో తెర నాకూ కనిపించింది. గజ్జల దగ్గర సిర నల్లటి గుండ్రంలా ఉంది. టెక్నీషియన్ ప్రోబ్‌తో నొక్కగానే ఆ గుండ్రం మూసుకుపోయి గీతలా అయింది, వదలగానే మళ్ళీ తెరుచుకుంది. మోకాలి వెనక్కి వచ్చేసరికి నొక్కినా మూసుకోలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. అలాగే ఉంది. అదే పరీక్ష, అంతకుమించి రహస్యమేమీ లేదు. సిర నలిగితే ఖాళీ, నలగకపోతే లోపల ఏదో ఉంది.

భయపెడితే సరిపోతుందా

నా వాదన విని తెలిసిన డాక్టరొకాయన నవ్వారు. "ప్రతి డిశ్చార్జ్ కాగితం మీదా ఇది రాస్తే, పిక్క నొప్పి అన్న ప్రతివాళ్ళూ స్కానుకి క్యూ కడతారండీ" అన్నారు. అది కొట్టిపారేసే మాట కాదు. అనుమానంతో స్కానుకి పంపినవాళ్ళలో ఎక్కువమందికి క్లాట్ ఉండదు. పిక్క నొప్పికి సవాలక్ష కారణాలు. పాదాన్ని పైకి వంచితే పిక్కలో నొప్పి వస్తే క్లాటే అని ఒకప్పుడు పాఠాల్లో చెప్పేవారు. థియేటర్ల గురించి రాసిన ఆ హోమన్స్ పేరే దానికి పెట్టారు. అది నమ్మదగ్గ గుర్తు కాదని తర్వాత తేలిపోయింది. డీ-డైమర్ అనే రక్తపరీక్ష ఉంది. అది తక్కువగా ఉండి, వెల్స్ స్కోరు కూడా తక్కువగా ఉంటే క్లాట్ లేదని ధైర్యంగా ఇంటికి పంపొచ్చు. కానీ ఆపరేషన్ అయినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, కడుపుతో ఉన్నా, ఊరికే వయసు పెరిగినా అది పెరుగుతుంది. నేను ఎవరి గురించైతే మాట్లాడుతున్నానో, సరిగ్గా వాళ్ళకే అది పెద్దగా పనికిరాదు.

ఇంకో చిక్కు ఇంతకంటే పెద్దది. కాలు వాయకుండా, నొప్పి లేకుండా వచ్చే క్లాట్లు కూడా చాలా ఉన్నాయి. కొందరిలో మొదటి సంకేతం ఆయాసమే, లేదా గాలి పీల్చినప్పుడల్లా గుచ్చే ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోవడం, దగ్గితే రక్తం. కాబట్టి "కాలు చూసుకోండి" అని మాత్రమే రాస్తే సగం మందికి దొంగ ధైర్యం ఇచ్చినట్టవుతుంది. ఆయాసం మాట కూడా రాయాలి. అది రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి అనీ రాయాలి.

మరి లేచి తిరిగితే చాలా? నా వాదనలో నాకే కాస్త సందేహం ఉన్న చోటు ఇది. ఆపరేషన్ తర్వాత తొందరగా నడిపించడం మంచిదని అందరూ ఒప్పుకుంటారు. కానీ నడక ఒక్కటే క్లాట్‌ని ఆపుతుందనడానికి గట్టి రుజువులు తక్కువ. రిస్కు ఎక్కువున్నవాళ్ళకి ఆపేది రక్తం గడ్డకట్టకుండా చూసే మందే: తక్కువ మోతాదు హెపారిన్ ఇంజెక్షనో, వేరే మాత్రో. తుంటి మార్పిడికి ఆ మందు 35 రోజుల దాకా ఇస్తారు, పొట్టలో కేన్సర్ ఆపరేషన్లకి నాలుగు వారాలు. అంటే మూడో వారం సంగతి డాక్టర్లకి తెలియక కాదు. తెలిసీ అందరికీ అందట్లేదు. 32 దేశాల ఆసుపత్రుల్లో 68 వేలమందికి పైగా రోగుల్ని పరిశీలించి 2008లో లాన్సెట్‌లో వేసిన లెక్క ప్రకారం, రిస్కు ఉన్న ఆపరేషన్ రోగుల్లో 58.5 శాతం మందికే తగిన నివారణ అందింది. ఆపరేషన్ లేకుండా వేరే జబ్బులతో చేరినవాళ్ళలో 39.5 శాతమే. న్యుమోనియాతో వారం రోజులు మంచం పట్టిన ముసలాయనకి ఆపరేషన్ జరగలేదు కదా అని ఎవరికీ తట్టదు.

అందరికీ ఇంజెక్షన్ పొడిచేయమని కూడా అనలేం. ఆ మందులు రక్తస్రావం తెచ్చిపెడతాయి, పచ్చి కుట్టున్నప్పుడు మరీను. సర్జన్ జంకితే అందులో అర్థముంది. అందుకే ఎవరికి ఇవ్వాలో, ఎవరికి అక్కర్లేదో మనిషి మనిషికీ లెక్క వేయాలి. ఇంగ్లండులో 2010 నుంచి ఆసుపత్రిలో చేరే పెద్దవాళ్ళందరికీ ఆ లెక్క వేయాలని పట్టుబట్టారు. ఎందరికి వేశారో ప్రతి ఆసుపత్రీ చూపించాలి. ఫారం నింపడం పెద్ద విప్లవమేమీ కాదు. కానీ ఫారంలో గడి ఉంటే ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడిగి తీరాలి.

"ఏ మాట వినాలండీ?"

క్లాట్ అని తేలాక ఇంట్లో మొదటి ఆలోచన మళ్ళీ మంచమే. కదిలితే గడ్డ కదులుతుందని భయం. ఒకప్పుడు డాక్టర్లు కూడా రోజుల తరబడి పడుకోబెట్టేవారు కాబట్టి ఆ భయాన్ని తప్పు పట్టలేం. మందు మొదలయ్యాక నడిస్తే ప్రమాదం పెరగదని తర్వాత పరీక్షల్లో తేలింది, నొప్పీ వాపూ తొందరగా తగ్గుతాయి కూడా. డాక్టరు "నడవండి" అనగానే వదినకి కోపమొచ్చింది. "నిన్నటిదాకా లేవకు లేవకు అన్నారు. ఇప్పుడేమో నడవమంటున్నారు. ఏ మాట వినాలండీ?" అంది. డాక్టరమ్మ అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు.

మందు గురించీ ఇంట్లో ఒక అపోహ నడిచింది, అది వేసుకుంటే గడ్డ కరిగిపోతుందని. ఆ మాత్రలు గడ్డని కరిగించవు. ఇంకా పెరగకుండా, కొత్తది పుట్టకుండా ఆపుతాయి. కరిగించే పని శరీరమే నెలల మీద నిదానంగా చేసుకుంటుంది. ఒక్కోసారి పూర్తిగా చేయలేదు కూడా. అందుకే నొప్పి పోయిందని మాత్ర మానేయడం ప్రమాదం. మందు విలువ ఎంతో చెప్పడానికి 1960లో బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే ఇద్దరు డాక్టర్లు చేసిన చిన్న ట్రయల్ చాలు. ఊపిరితిత్తుల క్లాట్‌కి మందు ఇవ్వని 19 మందిలో 5 మంది ఆ జబ్బుతోనే పోయారు. ఇచ్చిన 16 మందిలో దానితో ఒక్కరూ పోలేదు. ఇక మందివ్వకుండా పోల్చి చూడడం తప్పని అక్కడితో ఆపేశారు.

వదినకి మూడు నెలలు మందు వాడి ఆపేశారు. కారణం ఆపరేషనని తెలుసు, ఆ కారణం ఇప్పుడు లేదు కాబట్టి. కారణం తెలియకుండా వచ్చినవాళ్ళ కథ వేరు. మందు ఆపిన మొదటి ఏడాదిలోనే వాళ్ళలో సుమారు 10 శాతం మందికి మళ్ళీ వస్తుంది, అందుకే చాలామందిని మందు మీదే ఉంచుతారు. వదినకి సాయంత్రమయ్యేసరికి ఎడమ కాలు ఇప్పటికీ కొంచెం బరువెక్కుతుంది. లోపలి కవాటాలు దెబ్బతింటే అది మిగిలిపోతుంది. ఎలాస్టిక్ మేజోళ్ళు వేసుకుంటే హాయిగా ఉందంటుంది. అయితే ఆ మేజోళ్ళు ఈ మిగులు బాధని రాకుండా ఆపలేవని 2014లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్ చెప్పింది.

కాగితం చాలదు

నవ్విన డాక్టరుగారు చివరికి ఇంకో మాటన్నారు: "రాసిస్తాం సరే, ఆ కాగితం బిల్లులతో కలిసి ఫైల్లోకి పోతుంది. ఎవరు తీసి చదువుతారు?" నిజమే. మా వదిన కాగితం మేం మళ్ళీ తీసింది కాలు వాచాకే. నోటితో చెప్పాలి, అదీ రోగికి ఒక్కరికే కాకుండా పక్కన ఉండి చూసుకునేవాళ్ళకి కూడా. లేవకు అనేది వాళ్ళే కాబట్టి.

చెప్పాల్సిన వేళ కూడా డిశ్చార్జ్ రోజు ఒక్కటే చాలదనిపిస్తోంది. ఆ రోజు హడావిడిలో ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు. కుట్లు విప్పడానికి పిలిచేది సాధారణంగా మూడో వారం కంటే ముందే. అప్పుడు కాలు చూసినా బాగానే ఉండొచ్చు. అందుకని మూడో వారంలో ఆసుపత్రి నుంచి ఒక ఫోన్ రావాలి. డాక్టరే చేయక్కర్లేదు, నర్సు చేసినా చాలు. ఒక కాలు రెండో కాలికంటే లావుగా ఉందా, నాలుగడుగులు వేస్తే కొత్తగా ఆయాసం వస్తోందా అని రెండు ప్రశ్నలు. దేనికి అవునన్నా, టేపు ఉన్న గదికి రమ్మనాలి. ఆయాసం అంటే ఆ గది కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకే.